తీగ మీటే మనిషిని ఏమని పిలుద్దాం?

హైదరాబాదు చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ మీదుగా సాయంత్రం పూట వెళ్లేవాళ్లకు అక్కడ కట్టే ఫ్లెక్సీలు కొత్త కాదు. పుస్తకావిష్కరణ, సన్మానం, నాటిక, కూచిపూడి, ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. సంగీత కచేరీ ఉన్న రోజున మాత్రం ఆ ఫ్లెక్సీని కాస్త నిలబడి చదవండి. పైన నిర్వహించే సంస్థ పేరు. దాని కింద అతిథుల ఫొటోలు, వాళ్ల పూర్వపు హోదాలు. మధ్యలో ఇంత లావు అక్షరాల్లో పాడేవారి పేరు. ఇక అట్టడుగున సన్నటి అక్షరాల్లో వయొలిన్ ఫలానా, మృదంగం ఫలానా. వయొలిన్ వాయించే మనిషికి చాలాసార్లు ఫొటో ఉండదు. ఇంటిపేరు ఉంటే ఉంటుంది, లేకపోతే ఒక పొడి అక్షరంతో సరిపెడతారు. నిజానికి ఆ రెండు గంటలూ పాడేవారికి ఎంత పనో ఆ వయొలిన్ మనిషికీ అంత పని. ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే. ఏం పాడబోతున్నారో పాడేవారికి ముందే తెలుసు, పక్కన కూర్చున్నవారికి తెలియదు.

ఇవాళ నా మాటలు ఆ సన్నటి అక్షరాల వాళ్ల గురించి. తీగల వాద్యాలు వాయించేవాళ్లను మన తెలుగువాళ్లు ఏమని పిలిచారు, ఇప్పుడు ఏమని పిలుస్తున్నారు, ఆ పిలుపులో ఎవరికి ఎంత మర్యాద దక్కింది, అన్నదే విషయం.

శాస్త్రంలో పేర్లకేం కొదవ లేదు. భరతుడు వాద్యాలను నాలుగు రకాలు చేశాడు. తీగలవి తతం, ఊదేవి సుషిరం, తోలు మూసినవి అవనద్ధం, తాళాల్లాంటివి ఘనం. ఆ లెక్కన వీణ, వయొలిన్, సితార్, సారంగి, కిన్నెర వాయించేవాళ్లందరూ తత వాద్యకారులు. తంత్రీవాద్యకారులు అన్నా అదే. కానీ ఈ మాటలు నోటితో పలికేవాళ్లు ఎక్కడున్నారు? కోఠికి కూతవేటు దూరంలో, రాంకోఠిలో, 1952లో మొదలైన ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. ఇప్పుడది త్యాగరాజస్వామి పేరు మీద నడుస్తోంది. అక్కడ పిల్లలు శాస్త్రం పేపర్లో తతం, సుషిరం అని బుద్ధిగా రాసేస్తారు. పేపరు ఇచ్చేసి వరండాలోకి రాగానే "వీణ మేడమ్ వచ్చారా?", "వయొలిన్ సార్ ఇవాళ లేరంట" అంటారు. వాద్యం పేరు ముందు, మర్యాద మాట వెనక. మన జనానికి చేతికొచ్చిన పద్ధతి ఇదే. చాలా పాతది కూడా.

ఎంత పాతదో చెబుతాను. కాకతీయుల కాలంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణం రాశాడు. అందులో కిన్నెర బ్రహ్మయ్య అని ఒక శివభక్తుడున్నాడు. కిన్నెర మీటడమే ఆయన పూజ, ఆయన బతుకుతెరువు. ఆయన అసలు ఇంటిపేరు ఏమిటో ఎవరికి కావాలి? కిన్నెరే ఇంటిపేరయింది. త్యాగరాజస్వామి తల్లిగారి తండ్రిని వీణ కాళహస్తయ్య అన్నారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని విజయనగరంలోనూ, బయటా ఫిడేలు నాయుడుగారు అన్నారు. ఇక చిట్టిబాబు సంగతి. కాకినాడలో 1936లో పుట్టిన ఆ మహానుభావుడి ఇంటిపేరు చల్లపల్లి. "చల్లపల్లి చిట్టిబాబు కచేరీకి వెళ్లాను" అని ఎవరైనా అనగా మీరు విన్నారా? వీణ చిట్టిబాబు అంటేనే మనిషి కళ్లముందుకొస్తాడు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ చేసేనాటికి ఇంకా తొమ్మిదేళ్లవాడు. కర్ణాటక సంగీతానికి ఏమాత్రం పొంతన లేని మాండొలిన్‌ని తెచ్చి, దానికి గమకాలు నేర్పాడు. ప్రపంచమంతా ఆయన్ని మాండొలిన్ శ్రీనివాస్ అనే అంది. 2014లో ఆయన పోయినప్పుడు పత్రికల్లో వచ్చిన పేరూ అదే.

పద్మశ్రీలు, కళానిధులు సర్కారు ఇస్తుంది, సభలు ఇస్తాయి. వాద్యాన్ని ఇంటిపేరుగా ఇచ్చేది మాత్రం జనమే. దానికి దరఖాస్తు పెట్టుకోవడం కుదరదు. నా దృష్టిలో అంతకంటే పెద్ద బిరుదు తెలుగులో లేదు.

అయితే ఈ బిరుదు తీగవాద్యకారులందరికీ ఒకేలా దక్కలేదు. వీణకు దక్కినంత తేలిగ్గా ఫిడేలుకు దక్కలేదు, కిన్నెరకు మన కాలంలో దాదాపు దక్కనే లేదు. ఎందుకో చూద్దాం.

ముందు వీణ. వైణికుడు, వైణికురాలు అన్న మాటలు సంస్కృతం నుంచి వచ్చినా మన నోట్లో బాగా నలిగాయి. ఆ మర్యాద వెనక సంస్థానాలున్నాయి. విజయనగరంలో వాసా వారు, పిఠాపురంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారు. పిఠాపురంలో శాస్త్రిగారి వీణ విని రవీంద్రనాథ్ ఠాగూర్ ముగ్ధుడై ఆయన్ని శాంతినికేతనానికి రప్పించుకున్నాడు. ఇంకా వెనక్కి వెళితే తంజావూరు. పదిహేడో శతాబ్దం మొదట్లో అక్కడ ఏలిన రఘునాథ నాయకుడు తెలుగు కవి, వీణ తెలిసిన రాజు. ఇవాళ మనం చూసే వీణ, అంటే ఇరవై నాలుగు మెట్లు కదలకుండా బిగించిన వీణ, ఆయన ఆస్థానంలోనే రూపు దిద్దుకుందని సంగీత చరిత్రకారులు చెబుతారు. అంతకుముందు రాగం మారితే మెట్లు జరపాల్సి వచ్చేది. రఘునాథ మేళవీణ అని ఆయన పేరు మీదే ఒక వీణ ఉంది.

వీణను దగ్గర నుంచి చూసినవాళ్లు మనలో తక్కువే. సరస్వతీదేవి క్యాలెండర్లో చూడటం వేరు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. పనస మాను. ఒకే దుంగలోంచి కుండ, దండి తొలిస్తే అది ఏకాండి వీణ. ఒక చివర యాళి ముఖం. దండి కింద ఇంకో బుర్ర. మెట్లను మైనంలో నిలబెడతారు. ఎండాకాలంలో ఆ మైనం కాస్త మెత్తబడితే శ్రుతి కదిలిపోతుంది, అందుకే వీణ ఉన్న ఇంట్లో దాన్ని కిటికీ పక్కన పెట్టనివ్వరు. తీగలు ఏడు. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం, ఈ నాలుగూ మెట్ల మీదుగా పోతాయి. మిగిలిన మూడూ పక్కన ఉండే తాళం తీగలు, వాటిని చిటికెన వేలితో మీటుతారు. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు ప్రధానమైన తీగల్ని మీటుతుంటే, చిటికెన వేలు కిందినుంచి తాళం వేస్తుంటుంది. ఇక ఎడమచేయి. మెట్టు మీద తీగను నొక్కి పక్కకు లాగితే స్వరం పైకి జారుతుంది. గమకమంతా ఆ లాగడంలోనే ఉంది. ఏళ్ల తరబడి వాయించిన వైణికుల ఎడమచేతి చూపుడు వేలు, మధ్య వేలు చూడండి. తీగ కోసిన గాడి ఉంటుంది. అది గట్టిపడి కాయ కాస్తుంది. వేళ్లు జారడానికి పక్కన చిన్న గిన్నెలో కొబ్బరినూనె పెట్టుకుంటారు. కచేరీ మధ్యలో ఆ వేళ్లు ఒకసారి గిన్నెలో మునిగి లేస్తాయి. రేడియోలో వినే మనకు అది కనిపించదు. ఆ క్షణంపాటు తాళం తీగల మీద చిన్న మోత మాత్రం వినిపిస్తుంది.

వీణ కచేరీలో మధ్యలో కూర్చునేది వైణికుడే. పక్కన మృదంగం. కాబట్టి ఫ్లెక్సీ మీదా లావు అక్షరాలు ఆయనవే. పేరు నిలబడటానికి స్థానం కూడా కలిసిరావాలి.

ఫిడేలు అట్లా కాదు. అది సముద్రం దాటి వచ్చింది. మద్రాసులో తెల్లవాళ్ల బ్యాండు విని ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చుకుని మన సంగీతానికి మలిచాడు. నిలబడి గడ్డం కింద పెట్టుకునే వాద్యాన్ని మనవాళ్లు చాప మీద కూర్చోబెట్టారు. దాని తల కుడికాలి మడమ దగ్గర ఆనించి, నాలుగు తీగల్నీ షడ్జ పంచమాలకు మార్చి శ్రుతి చేసుకున్నారు. కమాను మాత్రం అలాగే ఉంచారు. అన్నీ బాగానే చేశారు గాని, కూర్చునే చోటు మాత్రం పాటకు పక్కనే ఇచ్చారు. పక్కవాద్యం అన్నారు. ఆ మాట వాద్యానికి అంటుకుని, అక్కణ్ణుంచి మనిషికి అంటుకుంది.

రేడియోలో దీన్ని వాయులీనం అని ఒక చక్కని పేరుతో పిలిచారు. వయొలిన్‌కి వినసొంపైన జోడీ. కానీ ఒక చిక్కుంది. ఆ పేరు వింటే తెలియనివాళ్లు దాన్ని పిల్లనగ్రోవి అనుకునే ప్రమాదం ఉంది. వాయువు లేదు, ఊదడం లేదు, ఉన్నది కమాను, నాలుగు తీగలు. అయినా ఆ పేరు బతికింది. ఎందుకంటే దానికి ఒక గౌరవం ఉంది. "ఫిడేలాయన" అనే చోట "వాయులీన విద్వాంసులు" అంటే మనిషి కొంచెం నిటారుగా కూర్చుంటాడు. మాటకు ఆ మాత్రం పని ఉంటుంది.

పక్కన కూర్చునేవారి పని ఎంత కష్టమో ఒక్క ఉదాహరణ చెబుతాను. రాగాలాపన జరుగుతోంది. పాడేవారు కళ్లు మూసుకుని ఒక సంగతి వేశారు. అది ఎటు తిరుగుతుందో వారికే సరిగ్గా తెలియదు. ఫిడేలు దాన్ని అర నిమిషం ఆగి వాయించకూడదు, ముందు వాయించకూడదు. ఊపిరి విడిచేంత వెనకగా, అదే బాటలో, మెల్లగా రావాలి. పాట ఆగినప్పుడు ఆ చివరి స్వరం చెయ్యి పట్టుకుని నిలబెట్టాలి. తరువాత తన వంతు వస్తే పాడిన రాగాన్నే తిప్పి చెప్పాలి, కానీ పాడినదాన్ని మింగేసేలా చెప్పకూడదు. ఎక్కువ చేస్తే గాయకుడికి కోపం, తక్కువ చేస్తే వినేవాడికి విసుగు. పెళ్లిపందిట్లో తోడిపెళ్లికొడుకు ఎంత ముస్తాబైనా అందరి చూపూ పక్కవాడి మీదే కదా, ఇదీ అంతే.

ఈ పక్కనుంచి మధ్యకు జరిగిన మనిషే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. 1893లో బెంగళూరులో పుట్టారు. కళ్లు సరిగా కనిపించేవి కావు. విజయనగరం మహారాజావారు 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షుణ్ణి చేశారు. అక్కడ చదువుకుందామని ఇరవై ఆరేళ్ల నాయుడుగారు వెళితే, ఆయన వాయిద్యం విని విద్యార్థిగా కాక అధ్యాపకుడిగానే తీసుకున్నారని చెబుతారు. 1936లో ఆయనే ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1938లో వెల్లూరులో ఆయన చేసిన కచేరీ అసలు సంగతి. పాట లేదు. మధ్యలో ఫిడేలే. గాత్రం లేకుండా ఫిడేలు కచేరీ నిలుస్తుందా అన్న అనుమానం ఆ రోజుతో పోయింది. 1952లో యెహూదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు జస్టిస్ రాజమన్నారుగారి ఇంట్లో నాయుడుగారి వాయిద్యం విని ఎంతో మెచ్చుకున్నాడు. పడమటి దేశపు వాద్యాన్ని ఆ దేశపు మేటి వాయిద్యకారుడే విని మెచ్చుకోవడమంటే చిన్న సంగతి కాదు. 1957లో పద్మశ్రీ ఇచ్చారు. ఫిడేలు నాయుడుగారు అన్న పిలుపు అప్పటికే ఉంది.

నాయుడుగారు 1964లో పోయారు. మరి ఆ తరువాత అందరూ మధ్యకు వచ్చారా? రాలేదు. ఎక్కువమంది పక్కనే ఉన్నారు. ఉండటం తప్పనీ నేను అనడం లేదు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరులో మొదలైంది. అన్నవరపు రామస్వామిగారు ఆ తొలినాళ్లలోనే చేరి 1986 దాకా అక్కడే వాయించారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులు, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికి సహాధ్యాయి, అనేక కచేరీల్లో ఆయన పక్కన ఫిడేలు. ఆయనకు పద్మశ్రీ 2021లో వచ్చింది. తొంభై ఐదేళ్ల వయసులో. అదే ఆయన గాయకుడైతే అంత ఆలస్యం అయ్యేదా? మీరే ఆలోచించండి.

ఆకాశవాణి ప్రస్తావన వచ్చింది కాబట్టి నేను మాట్లాడుతున్న ఈ ఇంటి గురించి ఒక మంచిమాట చెప్పాలి. పొగడ్త కాదు, ఉన్న సంగతే. రేడియో కచేరీలో పక్కవాద్యాల పేర్లు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చదువుతారు. పల్లెటూళ్లో అరుగు మీద కూర్చుని వినేవాళ్లకు కూడా ఎవరు ఫిడేలు, ఎవరు మృదంగం అన్నది నోటికొచ్చేది. రేడియో మరో మాట కూడా ఇచ్చింది. నిలయ విద్వాంసులు. స్టాఫ్ ఆర్టిస్టు అన్న ఉద్యోగపు పేరును ఇంత అందంగా మార్చినవాళ్లెవరో గాని వాళ్లకు నమస్కారం పెట్టాలి. జీతం తీసుకుని వాయించేవాడు విద్వాంసుడు కూడా అన్న నమ్మకం ఆ మాటలో ఉంది. హైదరాబాదు కేంద్రంలో లలిత సంగీతానికి పేరు తెచ్చిన పాలగుమ్మి విశ్వనాథంగారిని మనం అమ్మదొంగా పాట ద్వారా గుర్తుంచుకుంటాం. ఆయన వీణ నేర్చిన మనిషి. ఆ బాణీల్లో వినిపించే జారుడు వీణ నుంచి వచ్చిందని నాకనిపిస్తుంది.

మన ఊళ్లో మరో దారి కూడా ఉంది. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ మీదుగా బషీర్‌బాగ్ వైపు నాలుగు అడుగులు వేస్తే హిందుస్తానీ సంగీతం తగులుతుంది. ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ 1968లో కన్నుమూసింది బషీర్‌బాగ్‌లోనే. ఆయన సమాధి పాతబస్తీలో దాయిరా మీర్ మోమిన్‌లో ఉంది. లోకమంతా ఆయన్ని గాయకుడిగానే ఎరుగును. చిన్నతనంలో ఆయన చేతిలో సారంగి ఉండేదన్న సంగతి తక్కువమందికి తెలుసు. సారంగి ఎంత కష్టమైన వాద్యమంటే, నరంతో చేసిన మూడు తీగలు, వాటి కింద ముప్పైకి పైగా లోహపు తీగలు. తీగను వేలికొనతో నొక్కరు, గోరు మొదలు దగ్గర చర్మంతో తాకించి జరుపుతారు. మనిషి గొంతుకు అంత దగ్గరగా పలికే వాద్యం మరొకటి లేదంటారు. అయినా దాన్ని వాయించేవాణ్ణి సారంగియా అన్నారు. ఆ మాటలో మర్యాద లేదు. పాతబస్తీలో మెహబూబ్ కీ మెహందీ ముజ్రాల్లో ఒక పక్కకు ఒదిగి వాయించినవాళ్లు వీళ్లే. పాడేవాళ్లకు, ఆడేవాళ్లకు పడిన మచ్చ వీళ్లకూ అంటుకుంది. సారంగి పక్కన పెట్టి గాత్రానికి మారిన వాళ్లు ఉత్తరాదిన చాలామంది ఉన్నారు. తండ్రి మోతీరాంగారు మన ఊళ్లో పోగా ఇక్కడే చిన్ననాడు గడిపిన పండిత్ జస్‌రాజ్ కూడా మొదట తబలా పక్కవాద్యమే వాయించారు. పక్కన కూర్చునేవాడికి జరిగే అవమానం సహించలేకనే ఆ పని వదిలి గాత్రం పట్టారు. మంచి గాయకుణ్ణి సంపాదించుకున్నాం, నిజమే. కానీ ఆ అవమానం వల్ల ఎందరు సారంగీలు, తబలాలు వదిలేశారో?

సినిమా వైపు చూస్తే పరిస్థితి ఇంకా విచిత్రం. తెలుగు పాటల వెనక సితార్ మోగితే అది మిట్టా జనార్దన్‌గారిది కావచ్చునని కొందరు గుర్తుపడతారు. పదుల సంఖ్యలో వయొలిన్లు ఒకేసారి లేచే పాటలు మనకెన్నో తెలుసు. ఆ వయొలిన్లలో ఒక్క పేరైనా మనకు తెలియదు. టైటిల్స్‌లో సంగీత దర్శకుడి పేరు ఉంటుంది, పాడినవారి పేరు ఉంటుంది. తీగ తెగినా, వేలు తెగినా వాయించినవాళ్లు వాద్యబృందం అయిపోయారు.

ఇప్పుడు కిన్నెర దగ్గరికి వద్దాం. ఇక్కడ పిలుపు మరీ కుంచించుకుపోయింది. పల్లెల్లో కిన్నెర వాయించేవాళ్లు, శారద కథ చెప్పేవాళ్లు, జమిడిక మోగించే బైండ్లవాళ్లు ఉన్నారు. జమిడిక చూడ్డానికి డోలు లాంటిది. కానీ దాని లోపల ఒక నరం తీగ ఉంటుంది. దాన్ని లాగి పట్టి మీటితే జుమ్ముజుమ్మున మోగుతుంది. అది తీగవాద్యమే. తతం అని పరీక్షలో రాస్తే మార్కులు వేయాల్సిందే. వీళ్లలో ఎవరినైనా ఊరు ఏమని పిలిచింది? కులం పేరుతో. బైండ్లాయన, డక్కలాయన, లేకపోతే ఒట్టి 'వాడు'. వీణ వాయిస్తే వైణికుడు, కిన్నెర వాయిస్తే డక్కలివాడు. మన పిలుపుల్లోని తేడా ఇది. బసవపురాణంలో ఎక్కిన కిన్నెర బ్రహ్మయ్య కాలం నుంచి మనం ముందుకొచ్చామా, వెనక్కి పోయామా?

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట నుంచి వచ్చిన దర్శనం మొగిలయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. వెదురు దండి, కింద మూడు సొరకాయ బుర్రలు, మెట్లు తేనెమైనంలో నిలబెట్టినవి. బొబ్బిలి వీణలో మైనం పని, అవుసలికుంట కిన్నెరలో మైనం పని ఒక్కటే. చెక్క, బుర్ర, తీగ, మెట్టు అన్నీ ఒక వంశమే. వీణ తంజావూరు కోటలోకి వెళ్లింది, కిన్నెర ఊరి చివర ఉండిపోయింది. మొగిలయ్యగారు పండుగ సాయన్న కథ చెబుతారు, పాలమూరులో పేదలకు పంచిన బందిపోటు వీరుడి కథ. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటలో ఆయన గొంతు, కిన్నెర దేశమంతా విన్నది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. రెండేళ్లు దాటగానే, 2024లో, ఆయన హైదరాబాదు శివార్లలో కూలిపని చేస్తున్నారన్న వార్త ఫొటోతో సహా వచ్చింది. జనం విన్నారు, చప్పట్లు కొట్టారు, సెల్ఫీలు దిగారు. కిన్నెర నేర్చుకోవడానికి ఆయన దగ్గరికి ఎంతమంది వెళ్లారన్నది నేను అడగదలచుకున్న ప్రశ్న.

జయధీర్ తిరుమలరావుగారు ఊరూరూ తిరిగి ఇలాంటి వాద్యాలను సేకరించి ఆద్యకళ పేరుతో ప్రదర్శన పెట్టారు. గాజు అద్దం వెనక ఉన్న కిన్నెరను చూస్తే సంతోషమూ, బాధా రెండూ కలుగుతాయి. చేతుల్లో ఉండాల్సింది కదా.

అశోక్‌నగర్‌లో ఇప్పుడు గ్రూప్స్ కోచింగ్ సెంటర్ల సందడే ఎక్కువ. టీ కొట్ల దగ్గర పిల్లలు కరెంట్ అఫైర్స్ పుస్తకాలు పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్ల మధ్య నుంచి భుజాన వయొలిన్ పెట్టె తగిలించుకున్న పిల్ల ఒకతి గానసభ వైపో, రాంకోఠి వైపో పోతుంటుంది. ఆ పెట్టె చూసి "గిటారా?" అని అడిగేవాళ్లున్నారు. గ్రూప్స్ పరీక్షలో 'కిన్నెరకు పద్మశ్రీ ఎవరికి వచ్చింది?' అన్న ప్రశ్న రావచ్చు, అందరూ టిక్కు పెట్టవచ్చు. అది జ్ఞానమే. కానీ కిన్నెర శబ్దం ఒక్కసారైనా విన్నవాళ్లు ఆ టిక్కు పెట్టినవాళ్లలో ఎంతమంది?

నా మాట ఇది. తీగ మీటే మనిషికి కొత్త పదం కనిపెట్టాల్సిన పనిలేదు. వైణికుడు ఉన్నాడు, ఫిడేలు విద్వాంసుడు ఉన్నాడు. కిన్నెర వాయించేవాణ్ణి కిన్నెర విద్వాంసుడు అనడానికి మన నోరు ఎందుకు తిరగదు? అది భాషకు సంబంధించిన చిక్కు కాదు. వీణకు ఇచ్చిన మాటను కిన్నెరకు ఇవ్వడానికి మనకు మనసు రాలేదంతే. దర్శనం మొగిలయ్యగారిని కిన్నెర మొగిలయ్యగారు అని జనం అంటున్నారు, అది మంచి గుర్తు. చిట్టిబాబుకు ఇచ్చినట్టే ఆయనకూ ఇచ్చారు. మిగిలినవాళ్లకూ అదే దక్కాలి.

సభలు నడిపేవారికి ఒక మనవి. అందరి పేర్లూ ఒకే లావులో వేయించండి, దానికి ఖర్చేమీ ఎక్కువ కాదు. టీవీలో సంగీత కార్యక్రమాలు చేసేవారికి ఇంకో మనవి. పాట అయిపోగానే ప్రకటనకు పోకుండా వాయించినవారి పేర్లు తెర మీద ఒక్క పది సెకన్లు ఉంచండి.

వింటున్న మీకు చెప్పేది ఇంతే. మీ ఊళ్లో కిన్నెర, శారద, జమిడిక వాయించేవాళ్లు ఇంకా ఉంటే, ఈసారి ఊరికి వెళ్లినప్పుడు వాళ్ల పేరు ఇంటిపేరుతో సహా అడిగి రాసుకోండి. ఫోన్లో రికార్డు చేస్తే మొదట వాళ్ల నోటితోనే వాళ్ల పేరు, ఊరు, వాద్యం పేరు చెప్పించండి. దాన్ని ఎక్కడ పెట్టినా ఆ పేరు తీసేయకండి. వాయించినందుకు డబ్బులివ్వడం మరిచిపోకండి.